చెల్లెలి వేలికి పెట్టని ముత్యం

మీరు ఏ నెలలో పుట్టారో మీకు నిజంగా తెలుసా, లేక బడిలో చేర్చుకున్న పంతులుగారు వేసిన తేదీనే ఇన్నేళ్ళుగా నమ్ముతున్నారా? నా ఈడు వాళ్ళను అడుగుతున్నాను. మొన్న మనవరాలికి చెవిపోగులు కొందామని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నగల దుకాణానికి వెళ్తే, అక్కడి అమ్మాయి ఎంతో మర్యాదగా నా పుట్టినరోజు అడిగి, జూన్ అనగానే ముత్యాల ఉంగరాల పళ్ళెం ముందుకు జరిపి, నా జన్మరత్నం ఇదేననీ, మనశ్శాంతినిస్తుందనీ చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే మా అమ్మ గుర్తొచ్చింది.

మాది నాదర్‌గుల్ దగ్గరి పల్లె. నేను డిగ్రీలో చేరాక అందరం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళం. ఎల్బీనగర్ దాటితే ఇంకా పొలాలు కనిపించే కాలమది. మా చెల్లెలికి అప్పుడు మూర్ఛ వచ్చేది. ఒకసారి బడిలో, ఒకసారి మండుతున్న పొయ్యి పక్కనే పడిపోయింది. దవాఖానలో డాక్టరు గోలీలిచ్చి, ఏళ్ళ తరబడి వాడాలనీ, ఒక్క పూట కూడా ఆపొద్దనీ గట్టిగా చెప్పాడు. మందుతో మూర్ఛ తగ్గుతూ వచ్చింది గానీ పిల్ల ఎప్పుడూ మగతగా ఉండేది. అది చూసి నాన్న మనసు నిలవక, ఎవరో చెప్పారని, రత్నాలమ్మే ఒకాయన దగ్గరికి మమ్మల్నందరినీ బయలుదేరదీశాడు.

నేను ఊరుకుంటానా? కాలేజీ చర్చావేదికల్లో నోరు పదునెక్కిన రోజులు. తొమ్మిది రాళ్ళను తొమ్మిది గ్రహాలకు కట్టబెట్టింది మన పాత జ్యోతిషం, కెంపు సూర్యుడికి, ముత్యం చంద్రుడికి, పగడం కుజుడికి. నెలకో రాయి అనే లెక్క అందులో లేనే లేదు. అది, యూదుల ప్రధాన యాజకుడి వక్షపతకంలో పొదిగిన పన్నెండు రాళ్ళను తర్వాతివాళ్ళు పన్నెండు నెలలకు పంచిన పాశ్చాత్యుల నమ్మకం. ఇవాళ దుకాణాల్లో నడిచే పట్టికనైతే అమెరికా నగల వ్యాపారుల సంఘమే కూర్చుని ఖాయం చేసుకుంది. ఇందులో కొంత అప్పుడే చదివాను, కొంత తర్వాత తెలుసుకున్నాను. తెలిసినంత మేరకు నాన్నకు చెప్పి చూశాను. "నీ ఉపన్యాసాలు మీటింగుల చెప్పుకో బిడ్డా, ఇంట్ల పిల్ల పరేషాన్ల ఉన్నది" అని చెప్పులు తొడుక్కున్నాడు.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఆ రత్నాలాయన మంచి మాటకారి. చెల్లెలి పుట్టిన తేదీ నాన్న చెప్పగానే వెల్వెట్ గుడ్డ పరిచి, "జూన్ కదండీ, ముత్యం పెట్టించండి. మనసు చల్లబడితే ఫిట్స్ అవే పోతాయి. ఆ ఇంగ్లీషు మందులు ఒళ్ళు వేడి చేస్తాయి, మానిపించేయండి" అన్నాడు. నాన్న తలూపాడు.

అంతదాకా గోడవారగా కూర్చున్న అమ్మ కొంగు సవరించుకుంది. "అయ్యా, గది బడి తెరిచిన్నాడు పంతులు ఏసిన తారీఖు. ఇదీ జూన్లనే, దీనక్కా జూన్లనే, మా మరిది కొడుకూ జూన్లనే. ఊర్ల ఆడోళ్ళమంత మాట్లాడుకొని కన్నమా ఏంది?"

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "మరి అసలు ఏ నెలమ్మా?"

"నాకేం ఎర్క? కందులు కోస్తుండిరి."

"అలాగైతే జనవరి అనుకుందామండీ. రాయి మారుతుంది, గోమేధికం పెట్టాలి."

"తారీఖు మారితే నీ రాయి మారబట్టె. దవాఖానల డాక్టరు ఏ నెలల పుట్టిందని అడగలే. ఎట్ల పడ్డది, ఎంతసేపు కొట్టుకున్నది, నాలిక కరుచుకున్నదా అని అడిగిండు. నువ్వు గవేం అడగవైతివి" అని అమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని లేచింది. నాన్న కాసేపు అక్కడే తలగోక్కుని, "నడువు డాక్టరమ్మా, నువ్వు చెప్పినంక తప్పుతదా" అంటూ వెనకే వచ్చాడు. గోలీ ఆగలేదు.

కొన్నేళ్ళకు ఆ డాక్టరే మెల్లమెల్లగా మందు తగ్గించి ఆపేశాడు. మూర్ఛ మళ్ళీ రాలేదు. చెల్లెలు నాగోల్‌లో కుట్టుపని దుకాణం నడుపుతోంది, నాకు జాకెట్లు కుట్టి, నీ కొలతలు ఏటేటా పెరుగుతున్నాయని ఎగతాళి చేస్తుంది. ఆ ఎగతాళి విన్నప్పుడల్లా మా అమ్మకు మనసులోనే దండం పెట్టుకుంటాను. ఆమె హేతువాది కాదు. రోజూ దీపం పెట్టేది, శనివారం ఒక్కపొద్దుండేది. కానీ బిడ్డ ప్రాణం దగ్గరికి వచ్చేసరికి, నా వాదాలన్నీ చేయలేని పని ఆమె ప్రశ్న చేసింది. ముత్యం మీద నాకేం కోపం లేదు, చూడముచ్చటైన వస్తువు. దాన్ని మందు చేసి అమ్మడం మీదే నా కోపం.

ఇప్పటి పిల్లలకు పుట్టిన నిమిషంతో సహా తెలుసు. నిమిషం చెబితే ఫోనే రాయి పేరు చెబుతుంది, అంత కచ్చితంగా చెప్పింది కదా అని చదువుకున్నవాళ్ళు కూడా నమ్ముతున్నారు. లెక్క సరిగ్గా చేసినంత మాత్రాన రాయికి రోగం తగ్గించే గుణం వస్తుందా అని ఎదురు కూర్చుని అడిగే తల్లులే కరువయ్యారు.

కాబట్టి ఈ పత్రిక పక్కన పెట్టి లేవండి. మీ ఇంట్లో వేలికి రాయి పెట్టుకున్న రోగి ఉంటే, ఉంగరం సంగతి తర్వాత, ఈ పూట మందు వేసుకున్నారో లేదో అడగండి. మానేశామంటే వాదనకు దిగకండి, వెంటబెట్టుకుని ఈ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.