కోటలో పసుపు గోడ

మా డ్రై ఫోర్క్ నగరం నడిబొడ్డున, ఒక పక్క ఆకాశాన్నంటే బ్యాంకు భవనం, ఇంకో పక్క కార్లు నిలిపే అంతస్తుల షెడ్డు. ఆ రెండింటి మధ్య ఒక మట్టి కోట ఉంది. కోట అనగానే బురుజులూ ఫిరంగులూ ఊహించుకుని వచ్చినవాళ్ళు గేటు దగ్గరే మొహం వేలాడేస్తారు. నిలువెత్తుకి కాస్త మించిన గోడలు, లోపల ఓ వాకిలి, ఓ నీటిబుగ్గ, వరసగా నాలుగు గదులు. అంతే. తూర్పు నుంచి బళ్ళు కట్టుకుని ఎడారి దాటి వచ్చిన మా ముత్తాతలు, ఇక్కడ నీళ్ళు కనబడి ఆగిపోయి, బుగ్గ చుట్టూ పచ్చి ఇటుకలతో కట్టుకున్నదది. మా ముత్తాత రెండో బండిలో వచ్చాడు. కోట కమిటీ పెద్ద గార్త్ రెన్‌ఫ్రో ముత్తాత మొదటి బండిలో వచ్చాడు. ఆ ఒక్క బండి తేడాని గార్త్ నన్ను ఈ జన్మకి మరిచిపోనివ్వడు.

సిటీ బస్సు నడిపే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ఊరుకోలేదు. దాంతో కోటలో జీతం లేని గైడుగా చేరాను. గడ్డి టోపీ, భుజాల మీద పట్టీలు, జేబు మీద డెల్ అని పేరు బిళ్ళ, మోకాళ్ళ దగ్గర మాసికలు వేసిన ప్యాంటు నా వేషం. ప్యాంటు కొత్తదే, మాసికలు కమిటీవాళ్ళు వేయించారు. ఆ వేషంలో నిలబడి, కొవ్వొత్తులు ఎలా పోసేవారో, ఎడ్లకి నాడాలు ఎలా కొట్టేవారో బడిపిల్లలకి చెప్తుంటాను. నేను ఎద్దుని దగ్గర నుంచి చూసింది ఎన్నడూ లేదు.

వెర్లా ఒస్బోర్న్ అనే పెద్దావిడ ప్రతి బుధవారం వచ్చేది. కోట ఎదురుగా, రోడ్డుకి అవతల, ముసలివాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో ఆవిడ ఉండేది. చేతిలో గుడ్డ సంచీ, నెత్తి మీద వెడల్పాటి టోపీ. కొవ్వొత్తుల గదీ కమ్మరి కొలిమీ కనీసం చూడకుండా దాటుకుపోయి, తాళం వేసి ఉన్న నాలుగో గది ముందు నిలబడేది. ఆ గదిలో మడత కుర్చీలూ ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టూ తప్ప ఏమీ ఉండవు. బయట తారు మెత్తబడేంత ఎండ కాస్తున్నా మా మట్టి గోడల లోపల చల్లగా ఉంటుంది కాబట్టి, ఆ చల్లదనం కోసం వచ్చే ముసలివాళ్ళలో ఈవిడా ఒకరని అనుకున్నాను. పోనీలే పాపం అని ఒకరోజు కుర్చీ తెచ్చి వేశాను.

"మంచివాడివయ్యా," అంది ఆవిడ. "కాకపోతే దాన్ని ఇటు తిప్పు. నాకు తలుపు కనబడాలి."

తాళం వేసిన తలుపులో చూసేందుకు ఏముందండీ అన్నాను.

"అది మా వంటిల్లు," అంది.

ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆవిడ కథంతా వినేదాకా ఆ అనుమానం పోలేదు.

మేము బడిపిల్లలకి చెప్పే చరిత్ర తొలి బళ్ళవాళ్ళతో మొదలై వాళ్ళతోనే అయిపోతుంది. నిజానికి వాళ్ళు కోటలో ఉన్నది కొద్ది ఏళ్ళే. భయం తీరగానే బయట ఎవరి ఇళ్ళు వాళ్ళు కట్టుకున్నారు. తరవాత ఆ గదుల్లో గుర్రాలు ఉన్నాయి, ఆవులు ఉన్నాయి, చివరికి స్థలం రైలు కంపెనీ చేతికి వచ్చింది. పడమటి తోటల నుంచి పళ్ళు మోసుకొచ్చే రైళ్ళు మా ఊళ్ళో ఆగేవి. వ్యాగన్ల నెత్తిన ఉన్న పెట్టెల్లో మంచు నింపితే తప్ప ఆ పళ్ళు ఎడారి దాటవు. పొడుగాటి కొక్కెంతో మంచు దిమ్మెలని వ్యాగన్ల పైకి నెట్టే పని వెర్లా వాళ్ళ నాన్న లెస్టర్‌ది. ఊళ్ళో ఇల్లు తీసుకునే తాహతు లేక, కోటలో పైకప్పు మిగిలి ఉన్న ఒక్క గదినీ కంపెనీ దగ్గర అద్దెకి తీసుకున్నాడు. వెర్లా ఆ గదిలోనే పుట్టింది.

నాన్న ఇంటికి వస్తూ గోనెగుడ్డలో మంచుముక్కలు చుట్టి తెచ్చేవాడట. పళ్ళ పెట్టెలు పగిలినప్పుడు చితికిన కర్బూజాలూ పీచ్ పళ్ళూ వచ్చేవి. ఎండాకాలం రాత్రుళ్ళు దుప్పట్లు బుగ్గలో తడిపి, కప్పుకుని వాకిట్లో పడుకునేవారు. వాళ్ళమ్మ ఓర్ఫాకి ఆ ఊరంటే మొదట్లో ఏడుపొచ్చేది. ఎటు చూసినా మట్టి రంగే, ఇల్లూ మట్టి రంగే. పళ్ళ వ్యాగన్లకి వేయగా మిగిలిన పసుపు రంగు డబ్బా అడుగున కాస్త ఉంటే మొగుడి చేత అడిగించుకుని తెచ్చుకుంది. అలా కొన్ని నెలల పాటు డబ్బా అడుగులు పోగుచేసి, పొద్దుటి ఎండ పడే వంటింటి గోడకి తనే రంగు వేసింది. రైలుపెట్టెలో కాపురం పెట్టావేమిటే అని తోటి మంచుపనివాళ్ళ ఆడవాళ్ళు ఏడిపించారు. ఓర్ఫా ఏమీ అనుకోలేదు. ఆ రోజు నుంచి ఏడవలేదు కూడా.

"పొద్దున్నే ఎండ ఆ గోడ మీద పడేదయ్యా," అంది వెర్లా. "గదంతా వెన్న రాసినట్టు ఉండేది. అమ్మ రొట్టె పిండి కలుపుతూ గోడనే చూసేది. మమ్మల్ని చూసేది కాదు."

తరవాత వ్యాగన్లలోకే చల్లబరిచే యంత్రాలు వచ్చాయి. మంచు కార్ఖానా మూతపడింది. ఊరి చివర మరో అద్దెగదికి మారిపోయిన కొద్దికాలానికే ఓర్ఫా పోయింది. ఫోటో తీయించుకునే స్తోమత వాళ్ళకి ఎప్పుడూ లేదు. వెర్లా ఆ తరవాత హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఉతికింది, పెళ్ళి చేసుకుంది, పిల్లల్ని పెంచింది, మొగుణ్ణి సాగనంపింది. ఇంత బతుకులోనూ వాళ్ళమ్మది అని చూపించుకోడానికి ఆవిడకి మిగిలింది ఆ ఒక్క గోడే.

ఇదంతా ఆవిడ నవ్వుతూనే చెప్పింది. ఆ బుధవారం నుంచి నేనే తాళం తీసి, కుర్చీలు పక్కకి లాగి, ఆవిడని లోపల కూర్చోబెట్టేవాణ్ణి. రంగు మాసింది, అక్కడక్కడ పెచ్చులు లేచాయి, అయినా గోడ పసుపే. దాని ఎదురుగా కూర్చుని ఆవిడ శాండ్‌విచ్ తినేది, నాకు సగం పెట్టేది. మీ తాతలు ఇక్కడ బస చేశారు, మేము కాపురం చేశాం, చెప్పు కోట ఎవరిదో అని దెప్పేది. నేను గడ్డిటోపీ తీసి వంగి దండం పెట్టేవాణ్ణి.

వసంతంలో కమిటీ ఒక నిర్ణయం చేసింది. తొలి బళ్ళు వచ్చిన రోజుకి గుర్తుగా ఏటా చేసే బళ్ళ పండగకి, ఈసారి నాలుగో గదిని తొలి కుటుంబాల గదిగా తెరవాలి. చెక్క నేల పీకేసి మట్టి నేల వేయాలి. పసుపు గోడని గీకి, లోపలి మట్టి ఇటుక బయటికి తేవాలి. సంగతి నేనే వెర్లాకి చెప్పాను. ఆవిడ చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. దాన్ని సంచీలో పెట్టేసి, కమిటీ మీటింగుకి బయటివాళ్ళని రానిస్తారా అని అడిగింది.

గార్త్ చెడ్డవాడు కాదు. ఒకప్పుడు కార్ల షెడ్డు కోసం కోటని పడగొడదామని మునిసిపాలిటీవాళ్ళు వచ్చినప్పుడు బుల్డోజరుకి అడ్డం పడుకున్నవాడు. పైకప్పు దూలాల కోసం తన పడవ అమ్మేశాడు. కోట అతనికి ప్రాణం. చిక్కేమిటంటే, ఆ ప్రాణం తొలి బండి రాకతో మొదలై, చివరి బండివాళ్ళు కోట వదలడంతో ఆగిపోతుంది. మీటింగులో వెర్లా తన గోడ గురించి రెండు ముక్కల్లో చెప్పి, దాన్ని గీకొద్దని అడిగింది. గార్త్ లేచి నిలబడి, టోపీ చేతిలో పట్టుకుని విన్నాడు.

"మీ బాధ నాకు అర్థమైందండీ," అన్నాడు. "కానీ మా ముత్తాతల గదిలో రైలు రంగు ఎలా ఉంటుంది చెప్పండి. అప్పటికి ఈ ఊరికి రైలే లేదు."

నాకు ఒళ్ళు మండింది. "మట్టి ఇంట్లో మనిషి లేకపోతే అది ఎన్నాళ్ళు నిలుస్తుంది గార్త్?" అన్నాను. "పైకప్పు కారితే తారుగుడ్డ వేసిందెవరు? నీ తాతా నా తాతా ఎప్పుడో వదిలేసి పోయారు. వీళ్ళు అద్దె కట్టి మరీ నిలబెట్టారు."

కమిటీవాళ్ళు గుసగుసలాడుకున్నారు. చివరికి గార్త్ ఒక మెట్టు దిగాడు. గోడని గీకం, పైన మట్టి పూత పూస్తాం, రంగు మీద చిన్న గాటు కూడా పడనివ్వం అని అందరి ముందూ మాట ఇచ్చాడు. వెర్లా అందరికీ కృతజ్ఞతలు చెప్పింది. నవ్వింది కూడా. మీటింగు హాలు మెట్లు దిగాక నా మోచెయ్యి పట్టుకుని ఆగిపోయింది.

"అమ్మని రెండోసారి పూడ్చినట్టుంది డెల్," అంది.

మా దగ్గర ఏటా ఎండలు ముదరకముందు మట్టి రోజు అని ఒకటి జరుపుతాం. బళ్ళవాళ్ళ వారసులంతా, బ్యాంకు మేనేజర్లు కూడా, ప్యాంట్లు మడిచి, గడ్డి కలిపిన మట్టిని కాళ్ళతో తొక్కి, ఉత్తచేతులతో గోడలకి మెత్తుతారు. వారసులు కానివాళ్ళు ఆ మట్టి ముట్టుకోరు. ఆ ఏడాది వెర్లా తనూ వచ్చి, నా గోడ నేనే కప్పుకుంటాను, పరాయివాళ్ళు వద్దంది. గార్త్ ఒక్క క్షణం ఆలోచించి, పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

మామూలుగా నున్నటి గోడకి మట్టి పట్టాలంటే ముందు గరుకు చేయాలి, లేదా ఇనప వల కొట్టాలి. గరుకు చేస్తే మాట తప్పినట్టవుతుంది. వల కొడదామంటే, మా ముత్తాతల దగ్గర వల ఉందా అని గార్త్ గుడ్లురిమాడు. అలా నూనె రంగు మీద నేరుగా మట్టి పూశాం. వెర్లా కింద నుంచి పైకి, అరచేత్తో నెమ్మదిగా మెత్తుకుంటూ వెళ్ళింది. చివరికి పైన ఓ మూల అరచేయంత పసుపు మిగిలినప్పుడు చాలాసేపు ఆగింది. నేను తల తిప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి గోడ మొత్తం మట్టి అయిపోయింది.

జూలైలో బళ్ళ పండగ వచ్చింది. బ్యాండు, నిమ్మరసం, మేయర్ ఉపన్యాసం. వారసులందరి ఛాతీ మీదా బంగారు రిబ్బన్లు, నా మీద కూడా. రిబ్బన్లు ఉన్నవాళ్ళు ముందు, లేనివాళ్ళు వెనక. వెర్లా అందరికన్నా వెనక నిలబడింది. ముందుకి రమ్మని పిలిచాను. ఇక్కడే బాగుంది అంది. నాకు ఆ రోజు రిబ్బన్ బరువుగా ఉంది.

గార్త్ నాలుగో గది తలుపు తెరిచి, మేయర్‌ని తీసుకుని లోపలికి అడుగు పెట్టాడు. వాకిట్లో బ్యాండువాళ్ళు పెద్ద డప్పు గోడలదిరేలా మోగించారు. గదిలో ఏదో పెళపెళమంది. చూస్తుండగానే గోడ మధ్యలో పూత ఉబ్బి, పగిలి, పెళ్ళలు పెళ్ళలుగా జారి నేల మీద కుప్పగా పడింది. మిగిలింది కూడా దాని వెనకే వచ్చింది. మేయర్ దగ్గుకుంటూ బయటికి పరిగెత్తాడు. దుమ్ము అణిగేసరికి, తూర్పు కిటికీలోంచి పడుతున్న పొద్దుటి ఎండలో ఓర్ఫా గోడ పై నుంచి కింద దాకా పసుపుగా మెరుస్తోంది. మట్టి తనతో పాటు ఏళ్ళ మసినీ ఊడ్చుకుపోయినట్టుంది, నేను చూస్తూ వచ్చిన పసుపుకీ దీనికీ పోలికే లేదు.

బ్యాండు ఆగిపోయింది. గార్త్ మట్టికుప్ప పక్కన, భుజాల నిండా దుమ్ముతో నిలబడ్డాడు. అతని మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. అప్పుడు వెనక నుంచి జనం పక్కకి జరగడం మొదలైంది. వెర్లా ఎవరినీ తొయ్యలేదు, ఎవరినీ అడగలేదు. నేరుగా వచ్చి, గుమ్మం దాటి, గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంది. తరవాత మా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. గొంతు మాత్రం ఇల్లాలి గొంతు.

"అక్కడే నిలబడిపోయారేం? రండి లోపలికి," అంది. "ముందు బూట్లు తుడుచుకోండి. ఇది మా అమ్మ వంటిల్లు."

గార్త్ తను వేయించిన మట్టి నేలని చూశాడు. తన కాళ్ళని చూసుకున్నాడు. గుమ్మం బయటికి వచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఒక్కో బూటూ గడపకి రాసి శుభ్రంగా తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. అతని వెనక రిబ్బన్లు పెట్టుకున్న మేమంతా బూట్లు తుడుచుకుంటూ వరసలో నిలబడ్డాం.