ఓడ కాయలు

మా పాపకు ఓడ అంటే తెల్లటి లారీ. వేముల దగ్గర మా అరటి తోటలోనే మా ఇల్లు. గల్ఫ్‌కు పోయే కాయల కోసం పులివెందుల వైపు నుంచి చల్లటి కంటైనర్ లారీ గట్టు మీదికి వచ్చినప్పుడల్లా, ఓడొచ్చిందని అందరికీ చెప్పేది. నాలుగేళ్లది, సముద్రం ఎరుగదు. ఆ మాట ముద్దుగా ఉండి నేనూ సరిదిద్దలేదు.

ఆ కాయ మీద గోరు గాటు పడినా పెట్టెలోకి ఎక్కదు. అందుకే గెలలకు సంచులు తొడుగుతాం. "మీ పాప గౌన్ల కంటే గెలల గౌన్లే ఎక్కువుండాయి కదక్కా" అని కూలికొచ్చే ఆమె నవ్వేది. పాప చెయ్యి చాపితే మా ఆయన, "ముట్టుకోగాకమ్మా, అయి ఓడెక్కే కాయలు" అనేవాడు.

ఈసారి కాయ కోతకొచ్చే సరికి సముద్రంలో ఓడల మీద దాడులు, గొడవలు మొదలయ్యాయి. ఈ పంట పోతే తోట తీసేయడమే అన్నాడు మా ఆయన. కాయలు కొనే అతనికి రోజూ ఫోన్ చేసేవాడు. పక్కన కూర్చుని నేనూ వినేదాన్ని.

"ఓడలు చుట్టు తిరిగి పోతాండాయంటప్పా. ఖాళీ కంటైనర్ యాడా దొరకల్యా" అనేవాడతను.

"ఇంకొన్నాళ్లు ఆగమని కాయకు నువ్వే చెప్పుపో. అది మాగుతాంది."

పాపకు జ్వరమొస్తే నుదురు తాకి చూసినట్టు, రోజూ సంచులెత్తి చూసేదాన్ని. లోపల పచ్చదనం పోతూ ఉంది. పసుపు తిరిగిన కాయను అంత దూరం ఎవరూ పంపరు. ప్రొద్దుటూరు మార్కెట్లో అప్పటికే అందరి గెలలూ చేరాయి, దింపుకునేవాళ్లు లేరు.

చివరికి గెల నుంచి ఒక అత్తం, ఒక వరస పండ్లు, కోసి తెచ్చి పాప ముందు పెట్టాడు మా ఆయన.

"తినమ్మా."

పాప చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఓడొచ్చి అడుగుతాది నాయనా."

ఎంత బతిమాలినా ముట్టలేదు. ఆయన పెరట్లోకి పోయి చాలాసేపు ముఖం కడుక్కున్నాడు.

తోట తీసేయడానికి ట్రాక్టర్ వచ్చిన పొద్దున, ఆ చప్పుడుకు పాప లేచింది. నేను పట్టుకునేలోపే, నల్లబడిన ఆ పండ్లను రెండు చేతులా ఎత్తుకుని, గట్టు మీద ట్రాక్టర్ పక్కన నిలబడిన వాళ్ల నాయన దగ్గరికి పరుగెత్తింది.

"నాయనా, ఓడొచ్చింది. ఇయి మర్సిపోయినావు."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత వంగి, తొక్కకు గోరు తగలకుండా వాటిని అందుకుని, ట్రాక్టర్ సీటు పక్కన పెట్టాడు.