లడ్డూ అక్షరాలు

ఆ రోజుల్లో మా తిరువూరులో ఏ గోడ చూసినా లడ్డూ బాబాయి రాతే. ఎరువుల కొట్టు, టిఫిన్ సెంటరు, మామిడికాయల లారీ వెనక తలుపు, అన్నిటి మీదా అవే గుండ్రటి బొద్దు అక్షరాలు, ఎరుపు రంగుకి పసుపు నీడ. అవి లడ్డూల్లా ఉంటాయనే ఆయనకా పేరు. (మనిషి మాత్రం బ్రష్షు కాడంత సన్నం.) తర్వాత ఫ్లెక్సీలొచ్చి ఆయన పని పడిపోయింది. పడగొట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి, నాది ఫ్లెక్సీ షాపు. ప్రాయశ్చిత్తంగా ఒకరోజు, "బాబాయ్, నీ అక్షరాలన్నీ కాగితం మీద రాసివ్వు, కంప్యూటర్లో ఫాంటు చేస్తాను," అన్నాను. ఆయన నెలరోజులు నా షాపులో నేల మీద కూర్చుని గుణింతాలు, ఒత్తులు అన్నీ రాశాడు. చివరి కాగితం ఇస్తూ, "పెళ్ళికి వాడుకో, షాపు ఓపెనింగుకి వాడుకో. చావు బోర్డుకి మాత్రం వద్దురా. ఇవి నవ్వు మొహం అక్షరాలు," అన్నాడు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పెద్దల మాట చద్దిమూట అని తెలుసు గానీ, ఆ మూట విప్పే తీరిక లేదు. ఎ.కొండూరు నుంచి ఒక టీచరుగారు వచ్చి, చనిపోయిన వాళ్ళ నాన్నగారి ఆదరణ కూడికకి ఫ్లెక్సీ అడిగారు. కొత్త ఫాంటు మోజులో లడ్డూ అక్షరాలే, పసుపు నీడతో సహా, కొట్టి పంపించాను. మర్నాడు విస్సన్నపేట నుంచి షేర్ ఆటోల్లో వచ్చిన బంధువులు ఆ బ్యానరు చూసి, ఏదో కొత్త షాపనుకుని ముందుకెళ్ళిపోయారట. వాళ్ళు వెనక్కి తిరిగొచ్చాక పాస్టరుగారు ప్రార్థన మళ్ళీ మొదటినుంచి చేయాల్సొచ్చింది. టీచరుగారు నన్ను తిట్టనైనా లేదు. "మా నాన్నగారిని పెళ్ళికొడుకుని చేశారండి," అని ఊరుకున్నారు.

బాబాయి విని షాపు గుమ్మం దాకా వచ్చాడు. "చెప్పాను కదరా," అన్నాడు. మళ్ళీ రాలేదు. వెళ్ళి తప్పయిందని చెప్పాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి. పెళ్ళిళ్ళ సీజను అయ్యాక అన్నాను, ఎలక్షన్లు అయ్యాక అన్నాను. (ఆయన అక్షరాలు వాడుకోవడం మాత్రం ఒక్కరోజూ ఆపలేదు.) అలా ఏళ్ళు గడిచి, పోయిన వేసవిలో బాబాయి గుండెపోటుతో పోయాడు. పాడె మోశాను గానీ, నా మాట వినడానికి ఆయన లేడు.

పెద్దకర్మ ఫ్లెక్సీ కోసం బాబాయి భార్య, మా పిన్ని, ఫోటో పట్టుకుని షాపుకొచ్చింది. ఈసారైనా ఆయన మాట నిలబెడదామని సన్నటి కంప్యూటరు అక్షరాల్లో తయారుచేసి చూపించాను. పిన్ని ఆ అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇది ఎవరి రాతరా?"

"ఎవరిదీ కాదు పిన్నీ, కంప్యూటరుది. చావుకి తనవి వాడొద్దని బాబాయే అన్నాడు."

"అది ఊళ్ళోవాళ్ళ చావుకి. ఆయన్ని కూడా పరాయి రాతతో పంపిస్తావా?"

లడ్డూ అక్షరాల్లోనే వేశాను, పసుపు నీడతో. బస్టాండు సెంటర్లో కట్టించి కింద నిలబడితే, గంపలగూడెం వైపు వెళ్ళే బండాయన ఒకడు ఆగి, "కొత్త షాపా అండీ?" అని అడిగి, ఫోటో చూసి తలొంచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, అది ఆగకముందే ఏడుపొచ్చింది. తప్పయింది బాబాయ్ అని ఆ ఫ్లెక్సీకే చెప్పుకున్నాను. ఆ తీరిక లేని ఇరవై రెండేళ్ళవాడు ఇప్పుడు దొరికితే చెవి మెలేసి బాబాయి ఇంటి గుమ్మం దాకా నడిపించేవాణ్ణి. షాపు నుంచి పది నిమిషాల నడక.