రూప పాతిపెట్టిన చాక్లెట్లు

నాలుగేళ్ల క్రితం మామిడికుదురు దగ్గర ఓ బళ్లో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. పిల్లలు అన్నం మానేసి చిప్సు, చాక్లెట్లు తింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు గట్టిగా చెప్పేను: "ఇవన్నీ విషం. మీకు ఇవి పెట్టేవాళ్లు మీ శత్రువులు. తెలిసిందా?"

"ఆయ్ అండీ" అన్నారందరూ. మా వైపు అవునన్నా, సరేనన్నా మర్యాదకి ఆయ్ అనేస్తారు కదా అని నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత రూప అనే పిల్ల నాయనమ్మగారు బడికొచ్చేరు. రూప వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది. "అమ్మ ఫోన్ చేస్తే పిల్ల మాట్లాడటం లేదండి. అక్కడ మా కోడలు ఒకటే ఏడుపండి. తను పంపిన చాక్లెట్లన్నీ ఈ పిల్ల కొబ్బరిచెట్టు కింద గొయ్యి తీసి పాతేసిందండి" అన్నారు.

రూపని పిలిచి ఎందుకలా చేసేవని అడిగేను. తల దించుకుని, "మా అమ్మ నాకు శత్రువు కదండీ?" అంది.

దగ్గరికి తీసుకుని, "తప్పు నాదమ్మా. అమ్మకి నువ్వంటే ప్రాణం" అన్నాను.

"ఆయ్ అండీ" అంది.

ఆ వేసవికే వాళ్లు ఊరు మారిపోయేరు. ఇప్పుడు నేను జాంపళ్లు కోసి పిల్లల చేతుల్లో పెడతాను తప్ప, విషం అన్న మాట ఎత్తను. అయినా క్లాసంతా ఒక్కసారిగా "ఆయ్ అండీ" అంటే గుండె ఝల్లుమంటుంది. రూప మొదటిసారి నమ్మి అంది. రెండోసారి కూడా నమ్మే అందా, మర్యాదకి అందా?