తక్కెడ గారి బ్రౌజర్ ఎంపిక

తక్కెడ అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, లోకం ఏకగ్రీవంగా ప్రసాదించిన బిరుదు. చెప్పుల దుకాణానికి వెళ్ళి, కుడికాలికొక రకం, ఎడమకాలికొక రకం తొడుక్కుని, దుకాణం మూసేదాకా పచార్లు చేసి, చివరికి పాత చెప్పులతోనే ఇల్లు చేరిన ఘనులాయన. "వడ్డించనా, కాసేపాగుతారా?" అని భార్య అడిగితే, ఉభయపక్షాల గుణదోషాలూ విచారించి తీర్పు వెలువరించేసరికి కూర చల్లారిపోయేది. తొందరపడి చెడినవాళ్ళున్నారు గానీ ఆలోచించి చెడినవాడు భూమ్మీద లేడన్నది ఆయన సిద్ధాంతం.

ఉద్యోగం మాత్రం ఆలోచనకు తావులేనిది. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో కంట్రోల్ రూమ్ ఆయనది. కిటికీ లేని గది, ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక ఫోను, వెనక్కి వాలితే పగబట్టినట్టు పడేసే కుర్చీ. ఊళ్ళోని భవనాల లిఫ్టులన్నీ కంప్యూటరులో ఒకే పేజీ మీద వరుసగా కనిపిస్తాయి. లోపల చిక్కుకున్నవాళ్ళు గంట నొక్కితే ఆ పేజీ మోగుతుంది. మెకానిక్ కూడా లిఫ్టు నెత్తిమీదికి ఎక్కే ముందు అదే గంట నొక్కాలి. ఆయన విని, పేజీలో తాళం బొమ్మ నొక్కి, మైకులో "కట్టేశాను, ఎక్కు" అనాలి. ఎద్దును గుంజకు కట్టేసినట్టే. అలా కట్టేసిన లిఫ్టు ఏ అంతస్తులో ఎవరు బటన్ నొక్కినా కదలదు. ఆ మాట చెవిన పడందే మెకానిక్ ఎక్కకూడదు.

ఇలా ఉండగా కంపెనీవారు కబురు పంపారు. పాత బ్రౌజర్‌ను నెలాఖరుకు తీసేస్తున్నారట, ఈలోగా ఎవరికి నచ్చినది వాళ్ళు పెట్టుకోవచ్చట. 'నచ్చినది' అన్న మాటను తక్కెడ గారు మూడుసార్లు చదువుకున్నారు.

రెండో షిఫ్టు అమ్మాయి తుమ్మినంతసేపట్లో తేల్చేసింది. "ఫోన్లో ఏదుందో అదే ఇక్కడా పెట్టేశాను సార్. ఏదైతే ఏముంది?"

ఈత రాకుండా ఏట్లో దూకినవాళ్ళను చూసినట్టు చూశారాయన ఆమెను.

ఇంట్లో భోజనాల దగ్గర సభ తీరింది. సభ్యులు భార్య, ఆమె తమ్ముడు. ఈ బావమరిది అదే కంపెనీలో మెకానిక్, కాపురం ఎదురింట్లో, భోజనం మాత్రం ఇక్కడ.

"మొదటిది జగమంతా వాడేది," అని తక్కెడ గారు ప్రారంభించారు. "చురుకైనదే. కానీ ఇంటి గుట్టంతా వీధిలో చెప్పుకొచ్చే రకం. రెండోది నిజాయితీ గలది, కాస్త నిదానం. మూడోది కొత్తది, ఒద్దికైనది, మెమరీ తక్కువ తింటుంది."

"నన్ను చేసుకునేటప్పుడు ఇంత ఆలోచించారా?" అంది భార్య.

"ఆలోచించుకోడానికి మీ నాన్న వ్యవధి ఇచ్చారా?"

"ఇచ్చుంటే ఈపాటికి నాకు బావ ఉండేవాడు కాదులే," అన్నాడు బావమరిది కంచంలోంచి తలెత్తకుండా.

చివరికి మూడోది గెలిచింది. దాన్ని గెలిపించిన సుగుణం ఒకటే, చూడని పేజీలను అది నిద్రపుచ్చుతుంది. పనిలేనప్పుడు పడుకోవడం తెలిసిన వస్తువు ఈ యుగంలో ఒకటైనా పుట్టిందని ఆయన మనసు చల్లబడింది.

దాన్ని పెట్టుకున్న మర్నాడు పొద్దున్నే బావమరిది చొక్కా చేతులు మడుస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. "ఇవాళ ఆ పాత భవనం బావా. లిఫ్టు పైన నిలబడి ఆపుకునే స్విచ్చి ఉంటుంది చూడు, అదే పాడైంది. అదే మార్చాలి. కాబట్టి నేను ఎక్కాక నన్ను కాచేది నువ్వొక్కడివే."

"గంట నొక్కు, చాలు," అన్నారు తక్కెడ గారు.

ఆ ఉదయం కంట్రోల్ రూమ్ గుడిలా ఉంది. పాత బ్రౌజర్ నడిచినన్నాళ్ళూ ఆయాసపడిన కంప్యూటరు ఫ్యాను ఇప్పుడు ఊపిరి పీలుస్తోందో లేదో తెలియడం లేదు. ఒక్క గంటా మోగలేదు. ఆ ప్రశాంతతలో తక్కెడ గారు లిఫ్టుల పేజీని వెనక ఉంచి, ముందు ఇంకో పేజీ తెరిచారు. అందులో ఎవరో మహానుభావుడు మూడు బ్రౌజర్లనూ పక్కపక్కన నిలబెట్టి తూచాడు. ఎంపిక అయిపోయిన మాట నిజమే. అది సరైన ఎంపికో కాదో తేలాలి కదా.

ఫోను మోగింది.

"లిఫ్టు కంపెనీయేనా అండీ?" పెద్దావిడ గొంతు. "లిఫ్టులో పాటలు కూడా పెట్టారా?"

"పాటలా?"

"ఎవరో మగగొంతు. కూనిరాగం తీస్తున్నాడు. శ్రుతి బొత్తిగా లేదు. లిఫ్టు తలుపు వెనకాల నుంచి వస్తోంది."

"ఏ భవనమండీ?"

ఆవిడ చెప్పింది. పాత భవనం, పై అంతస్తు. ఆ శ్రుతిలేని గొంతు ఎవరిదో తక్కెడ గారికి చెప్పనక్కర్లేదు. బావమరిది రోజూ చేతులు కడుక్కుంటూ తమ ఇంట్లో తీసే రాగమే అది. వాడు లిఫ్టు నెత్తిమీద ఉన్నాడు. గంట మోగలేదు. తను కట్టేయలేదు.

"రిపేరు జరుగుతోందని బోర్డు లేదా అక్కడ?"

"బోర్డు కింద గుమ్మంలో పెడతారు. అది చూడాలంటే మేం లిఫ్టు దిగాలి. మా వారిని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి బాబూ. లిఫ్టు పిలవనా, కాసేపాగనా?"

జీవితమంతా ఆయన తూచింది ఇలాంటి ప్రశ్ననే. పై అంతస్తు నుంచి పిలిస్తే లిఫ్టు పైకి వస్తుంది. దాని నెత్తిమీద మనిషి. మనిషి పైన సిమెంటు కప్పు.

"పిలవకండి."

"మా వారు చెప్పులేసుకుని బయటే ఉన్నారు. ఆయనకు ఓపిక తక్కువ, ఈపాటికి నొక్కేశారో ఏమో."

"పరుగెత్తండి అమ్మా."

"మోకాళ్ళు..." అంటూ ఆవిడ రిసీవరు బల్లమీద పెట్టిన చప్పుడైంది. ఆ వెనక అడుగులు. ఒకటి పడ్డాక రెండోది ఎప్పుడు పడుతుందో తెలియని అడుగులు.

తక్కెడ గారు తన రిసీవరునూ బల్ల మీద పెట్టి, లిఫ్టుల పేజీ మీద నొక్కారు. అది నిద్రలేచింది. రాచబిడ్డ లేచినట్టు లేచింది. తెల్లటి తెర, నడుమ గిరగిరా తిరిగే చక్రం. చక్రం ఆగి, తమరెవరు, సంకేతపదం ఏమిటని అడిగింది. ఆయన టైపు చేశారు. మంచిది, సూపర్‌వైజర్ ఫోనుకు అంకెలు పంపాను, అవి చెప్పండి అంది. సూపర్‌వైజర్ ఎక్కడున్నాడో ఆ భగవంతుడికి తెలియాలి.

తెర మూలన పాత బ్రౌజర్ బొమ్మ ఇంకా ఉంది. ఆయాసపడేది, వేడెక్కేది. తెరిస్తే కంప్యూటరు మొత్తం బిగుసుకుపోవచ్చు. కొత్తదాంట్లోనే అంకెల కోసం ఆగితే అవి రాకపోవచ్చు. రెండూ కాక మూడో దారి ఉందేమో. సిద్ధాంతం ప్రకారం ఇక్కడ విచారణ మొదలవ్వాలి. మొదలవ్వలేదు. చెయ్యి ఆయన్ను అడక్కుండానే వెళ్ళి పాతదాన్ని నొక్కింది.

ఫ్యాను రంకె వేసింది. తెర ఒకసారి నల్లబడింది. బల్ల మీది రిసీవరులోంచి, దూరంగా, "ఏవండీ, నొక్కకండీ" అన్న ఆవిడ కేక, దాని మీద ఒక ముసలి గొంతు, "నొక్కేశానే" అనడం వినబడ్డాయి.

పేజీ వచ్చింది. ఆయన్ను ఏమీ అడగలేదు, పాత పరిచయం మరి. వస్తూనే గంట గదంతా దద్దరిల్లేలా మోగింది. పాత భవనం వరుస ఎర్రగా వెలుగుతోంది, పక్కన పైకి చూపే బాణం కదులుతోంది. తక్కెడ గారు తాళం బొమ్మ నొక్కారు. బాణం ఇంకోసారి మెరిసి ఆరిపోయింది.

మైకు దగ్గరికి లాక్కున్నారు. "కట్టేశాను. ఉన్నావా?"

మైకును నోటికి ఆనించుకున్నారు.

"ఒరేయ్."

"ఉన్నాను బావా." గొంతు ఎక్కడో గొట్టంలోంచి వచ్చినట్టుంది. "కూర్చునున్నాను. లేచి నిలబడే చోటు లేదు. నెత్తికీ కప్పుకీ మధ్య జానెడుంది."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. ఇంతసేపు ఏం ఆలోచించావు బావా?"

"నేనా?"

"గంట నొక్కాను. జవాబు రాలేదు. ఇంకొకళ్ళయితే దిగిపోయేవాణ్ణి. నువ్వు కదా అని ఆగలేదు. ఎప్పుడు వెంటనే చెప్పావు గనక? తూస్తున్నావనుకున్నాను. నువ్వు తేల్చేలోపు నాలుగు స్క్రూలు విప్పుదామని ఎక్కేశాను."

తక్కెడ గారికి ఒక మర్యాదైన అబద్ధం అప్పటికే నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అవునురా, ఆలోచిస్తున్నాను అంటే సరిపోతుంది. వాడు నమ్ముతాడు. లోకమూ నమ్ముతుంది.

"ఆలోచించలేదు," అన్నారు. "నాకు గంటే వినబడలేదు. పేజీ నిద్రపోయింది. నేను ముందర ఇంకోటి తెరుచుకుని, ఏ బ్రౌజర్ మంచిదో చదువుతూ కూర్చున్నాను."

"పెట్టేసుకున్నావుగా. ఇంకా చదవడమేంటి?"

"సరైనదో కాదో చూసుకుంటున్నాను."

నవ్వుతాడేమోనని తక్కెడ గారు ఎదురుచూశారు. నవ్వలేదు.

"అక్కకు చెప్పకు," అన్నాడు చివరికి.

"చెప్తాను. దిగు."

తలుపు గీసుకున్న చప్పుడైంది. మళ్ళీ బావమరిది గొంతు, ఈసారి కాస్త మనిషి గొంతులా: "ఇక్కడొక పెద్దాయన, లిఫ్టును పిలిస్తే నువ్వొచ్చావేంటి అంటున్నాడు."

"ఆయన్ను మెట్ల మీదుగా దింపు. చెయ్యి పట్టుకో."

"ఎవరు ఎవరి చెయ్యి పట్టుకుంటారో చూద్దాం. కిందికి దిగాక ఫోన్ చేస్తాను. ఎత్తుతావా, తూస్తావా?"

"ఎత్తుతాను."

కొత్త బ్రౌజర్ ఇంకా అంకెల కోసం ఓపిగ్గా నిరీక్షిస్తోంది. తక్కెడ గారు దాన్ని మూసేశారు. తూచిన మహానుభావుడి తీర్పు కూడా దాంతోపాటే పోయింది, చివరి పేరా చదవకుండానే. లిఫ్టుల పేజీని ముందుకు తెచ్చి, రిసీవరును ఫోను మీద పెట్టేసి, కుర్చీ వెనక్కి వాలకుండా అంచున కూర్చుని, చెయ్యి ఫోను మీద వేసి ఉంచారు.

మోగింది. మొదటి మోతకే ఎత్తారు.

"నమస్కారమండీ. మేం నీళ్ళ ఫిల్టర్లు అమ్ముతామండీ. మూడు రకాలున్నాయి. మీకేది అనువుగా ఉంటుందో..."

"వద్దు," అని పెట్టేశారు తక్కెడ గారు.

ఫోను మళ్ళీ మోగింది.

"దిగాను బావా," అన్నాడు బావమరిది.