అమ్మ రక్తానికి నేను రాసిన అంకె

ధర్మవరం ల్యాబులో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలందరూ నాకు చాదస్తం అనేవాళ్లు. స్లైడు మీద నూరు తెల్లకణాలు లెక్కపెట్టమంటే నూరూ లెక్కపెట్టాల్సిందే. డెబ్భై చూసి మిగతావి ఊహించి రాస్తే రిపోర్టు చింపి చేతిలో పెట్టేదాన్ని. ఇసినోఫిల్స్ అనే రకం తెల్లకణాల దగ్గరైతే మరీ మండిపడేదాన్ని. ఆ కోపం నిజానికి వాళ్ల మీద కాదు.

తొంభైల చివర్లో హిందూపురంలో ఒక క్లినిక్కును ఆనుకుని ఉన్న ల్యాబులో టెక్నీషియన్‌గా కొత్తగా చేరాను. గుడిబండ దగ్గర మా ఊళ్లో అమ్మ మల్బరీ తోట చూసుకుంటూ పట్టుపురుగులు మేపేది. ఊరంతా తిరిగిన చెప్పులతో తోటలోకి పోతే పట్టుపురుగుకు రోగం తగులుతుందని మావాళ్ల నమ్మకం. అందుకే నీళ్లు పారిన తడిమట్టిలో వట్టికాళ్లతోనే ఆకు కోసేది. కాలివేళ్ల సందుల్లో దురద, పాలిపోయిన ముఖం, నాలుగడుగులకే ఆయాసం. నేనే బలవంతాన పిలిపించి, నా చేత్తోనే రక్తం తీశాను.

స్లైడుకు రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. ఇసినోఫిల్‌ను గుర్తుపట్టడం సులువు, లోపల నిండా రాగిగింజల్లాంటి ఎర్రటి రేణువులుంటాయి. మామూలుగా నూటికి రెండో మూడో కనబడతాయి. పేగుల్లో పురుగులు చేరితే వాటితో పోరాడడానికి ఒళ్లు వీటిని ఎక్కువెక్కువగా పుట్టిస్తుంది. అమ్మ రక్తంలో ముప్పైఒకటి లెక్కపెట్టాను.

ఆ అంకె చూస్తే డాక్టరు వెంటనే మలపరీక్ష రాస్తాడు. అప్పట్లో పల్లెలవాళ్లు మలాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని తెచ్చేవాళ్లు. "వచ్చినాయి చూడమ్మా, అగ్గిపెట్టెలు" అని పక్క టెక్నీషియన్ ముక్కు మూసుకుంటే పడీపడీ నవ్వినదాన్ని నేను. రేపు మా అమ్మ కొంగు చాటున అగ్గిపెట్టె పట్టుకుని మా ల్యాబు ముందు బెంచీ మీద కూర్చుంటుంది. ఆ ఊహకే నాకు తల కొట్టేసినట్టయింది. ఇసినోఫిల్స్ ఎదురుగా మూడు అని రాసి, మిగతావి నూటికి సరిపెట్టి, కింద సంతకం చేశాను.

పురుగుల మాత్ర నేనే తెచ్చి మింగిద్దామనుకున్నాను. అనుకుంటూనే అమ్మను బస్సెక్కించాను. తర్వాత మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తు చేసుకోవడం ఇష్టం లేకపోయింది, అంతే.

అంతకుముందే క్లినిక్కు డాక్టరు ఆ రిపోర్టు చూసి ఐరన్ మాత్రలు రాశాడు. పెద్దాసుపత్రిలో చూపించుకోమని ఊళ్లో ఎవరన్నా చెబితే అమ్మ, "యాటికీ పోయే పనిలేదు. మా పాపే చూసిండాది, నా రక్తంలో ఏమీ లేదు" అనేదట. మూడు నెలలకు ఆకుమోపుతో తోటలోనే కూలబడింది. ఊరివాళ్లు పెనుకొండకు తీసుకుపోయి ఆసుపత్రిలో చేర్చారు.

నేను బస్సు దిగి వార్డులోకి పోయేసరికి, తడిమట్టిలోంచి వట్టికాళ్ల గుండా ఒంట్లోకి చేరిన కొంకిపురుగులు పేగుల్లో రక్తం పీలుస్తున్నాయని అక్కడి డాక్టరు చెబుతున్నాడు. అమ్మ లేవలేని స్థితిలో కూడా సంచిలోంచి నా రిపోర్టు తీసి వాదిస్తోంది.

"మీదే ఏమన్నా తప్పుండాదేమో, ఇంకోతూరి చూడండి సార్. ఇది మా పాప చూసింది. ఇదో, వచ్చె!"

ఆయన కాగితం చూశాడు, నన్ను చూశాడు, పక్క మంచానికి వెళ్లిపోయాడు. నలుగురిలో తిట్టినా బాగుండేది. అమ్మ ఒంట్లోని కణాలు అమ్మ కోసం కొట్లాడుతుంటే, వాటిని కాగితం మీద లేకుండా చేసింది కన్నకూతురు.

మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాను, అగ్గిపెట్టె సంగతితో సహా. అమ్మ రోగం గురించి ఒక్క మాటా అడగలేదు.

"నేను ఆ బెంచీ మీద కూసుంటే నీకు నామోషీనా మ్మేయ్?" అంది.

అమ్మ ఆ రిపోర్టును పాత మడతల మీదే మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది.

"ఊర్లో ఎవురన్నా అడిగితే, ఆ పొద్దు మిషన్ చెడిపోయిండెనని చెప్తాలే" అంది.