రెండు ఎడమకాళ్ల ప్యాంటు

మా నాన్నకి మతి పోయిందని వీధి వీధంతా చాటింది నేనే. ఇంకెవరైనా చాటి ఉంటే వాళ్లని నాలుగు తిట్టి ఊరుకునేవాడిని.

నాన్న ప్యాంట్లు కత్తిరించే మేస్త్రి. మనిషి గుమ్మం దాటి లోపలికి వస్తుండగానే నడక చూసి, ఏ కాలు రవ్వంత పొట్టో, ఏ జేబులో బరువులు వేసుకుంటాడో చెప్పేసేవాడు. నేను ఆయనకి ఒక్కగానొక్క కొడుకుని. యాభై దాటాయి, నెత్తిమీద వెంట్రుకలు సగం సెలవు తీసుకున్నాయి, షాపులో నా హోదా మాత్రం గుండీలు కుట్టడం దగ్గరే ఆగిపోయింది. వీధిలో నా పేరే గుండీ. పెద్ద కత్తెర మీద చెయ్యి వేస్తే చాలు, "అది అక్కడ పెట్టు నాయనా, గుడ్డ మనది కాదు" అనేవాడు నాన్న.

అలాంటి మనిషి ఒకరోజు ఒకే ప్యాంటుకి రెండు ఎడమకాళ్లు కత్తిరించాడు. గుడ్డని మడతపెట్టి కత్తిరిస్తే కాళ్లు రెండూ జతగా వస్తాయి. గుడ్డ చాలకపోతే విప్పి పరిచి, ఒక కాలు అయ్యాక కొలత గీసే అట్టను తిరగేసి రెండో కాలు గీసుకోవాలి. నాన్న తిరగేయడం మరిచిపోయాడు. ముక్కలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు వాటివైపే చూస్తూ నిలబడ్డాడు. నేను పైకి "అయ్యో నాన్నా" అన్నాను. లోపల మాత్రం, చెప్పుకుంటే సిగ్గుచేటు, పండగలా ఉంది.

ఇక అక్కణ్ణుంచి సాక్ష్యాలు పోగేశాను. సుద్ద పట్టుకుని ఎందుకు పట్టుకున్నాడో తెలియక నిలబడితే ఒకటి. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలకే కంచం తోసేస్తే ఇంకొకటి. ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చిన రోజైతే నాకు వేరే రుజువే అక్కర్లేకపోయింది. "నాన్నా, బ్యాంకు గుమస్తాగారి నడుమెంత?" అని పరీక్షలు కూడా పెట్టాను. ఆయన మొహం తిప్పుకునేవాడు. నేను ఫెయిల్ చేసేశాను. బడిలో ప్రతి పరీక్షా తప్పినవాడికి పరీక్షలు దిద్దే అధికారం వస్తే ఇలాగే ఉంటుంది.

షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ గొంతు తగ్గించి, "పెద్దాయనకి మతి సరిగా లేదండీ, ఇకమీదట కత్తిరింపు నాదే" అని చెప్పాను. నా తగ్గించిన గొంతు షాపు చివర స్టూలు దాకా శుభ్రంగా వినిపిస్తుంది. ఆ స్టూలు మీద నాన్న ఉన్నాడు. ఊరికే కూర్చుంటే పొద్దుపోదని, గుండీల డబ్బా ఒళ్లో పెట్టి రంగుల వారీగా ఏరమన్నాను కూడా.

కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు కత్తెర దొరికింది. మొదటి ప్యాంటు బ్యాంకు గుమస్తాగారిదే. తొడుక్కుని వచ్చి, "నిలబడితే దివ్యంగా ఉందయ్యా. నా ఉద్యోగమేమో కూర్చుని చేసేది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు కత్తెరకి పదును లేదని సాకు చెప్పాను.

ఆ సాయంత్రం నాన్న డబ్బాలోంచి తలెత్తకుండా, "నేనెందుకిలా అయిపోయానురా?" అన్నాడు. "వయసు నాన్నా, దానికి మందేముంది?" అన్నాను.

ఇంటికెళ్లి ఆ మాటే మా ఆవిడకి చెప్తే మూతి మూడు వంకర్లు తిప్పింది.

"మామయ్యగారి నాలుక ఎప్పుడైనా చూశారా? ఎర్రగా పుండులా ఉంది. అందుకే తినలేకపోతున్నారు."

"నాలుకలు చూడ్డానికి నేనేమన్నా డాక్టర్నా?"

"కానప్పుడు మతి పోయిందని ఎలా తేల్చారు?"

మర్నాడే తీసుకెళ్లాం. డాక్టరమ్మ మా పెద్దమ్మాయి వయసుది. ఆవిడ నాన్నని ఏది అడిగినా జవాబు నేనే చెప్పాను. కాసేపు ఓపిక పట్టి, "జబ్బు మీక్కూడా ఉందాండీ? లేదు కదా, కాస్త ఆగండి" అంది. నాన్నని కళ్లు మూసుకోమని, దూదితో రెండు అరికాళ్లూ నిమిరింది.

"ఎప్పుడు తగిలిందో చెప్పండి తాతగారూ."

"ఇంకా మొదలుపెట్టలేదు కదమ్మా?" అన్నాడు నాన్న.

చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆ కాలికి తెలియనే తెలియదు! దాన్ని నేను ఊరంతా కథగా చెప్పాను.

అమ్మ పోయాక పగలంతా షాపులో టీ, బన్నులతోనే గడుపుతున్నాడనీ, ఏళ్ల తరబడి కడుపుమంట మాత్రలు మింగుతున్నాడనీ మా ఆవిడ చెప్పింది. రక్తం తీశారు. బీ-ట్వెల్వ్ అనే విటమిన్ అడుగంటిపోయిందట.

"ఇది తగ్గితే నరాలూ, జ్ఞాపకశక్తీ రెండూ దెబ్బతింటాయి. ఈ వయసులో కడుపు దీన్ని సరిగా ఒంటికి పట్టనివ్వదు, ఆ మాత్రలు ఇంకా అడ్డం. ఇంజెక్షన్లు మొదలుపెడదాం. ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను" అంది డాక్టరమ్మ. ఆగి, "ఇంకాస్త ముందు తీసుకురావాల్సింది" అని నావైపు చూసింది.

ఆ "ఇంకాస్త ముందు" నేను కత్తెర ఆడిస్తూ ఈలపాట పాడుకుంటున్నాను.

మొదట నాలుక మానింది. నాన్న మారు వడ్డించమన్నాడు. తర్వాత కోపం వచ్చింది, ఆ తర్వాత పేర్లు వచ్చాయి. కాళ్లు మాత్రం పూర్తిగా రాలేదు, కర్ర పట్టుకునే నడుస్తాడు. ఒకరోజు నేను కత్తిరించిన ముక్క ఎత్తి చూసి, "ఈ గుడ్డ నీకేం అపకారం చేసిందిరా?" అన్నాడు. నేను ఇస్త్రీ బల్ల వెనక్కి వెళ్లి ఏడ్చేశాను. అంత చక్కటి తిట్టు విని ఎన్నాళ్లయిందో!

కత్తెర ఇచ్చేశాను. నాన్న మళ్లీ బల్ల దగ్గర నిలబడ్డాడు. కానీ గుడ్డ తెచ్చినవాళ్లు ఆయన్ని దాటుకుని నా దగ్గరికే వస్తున్నారు. నేనూ అందుకుంటూనే ఉన్నాను, అలవాటైపోయింది. మొన్న బ్యాంకు గుమస్తాగారు వచ్చి, చంటిపిల్లలతో మాట్లాడినట్టు గట్టిగా, "ఏం పెద్దాయనా, నేనెవరో తెలిసిందా?" అన్నాడు.

"నడుము ముప్ఫై ఎనిమిది. కుడికాలు రవ్వంత పొట్టి" అన్నాడు నాన్న.

గుమస్తాగారు నవ్వి, ఆయన భుజం తట్టి, గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాన్న ఖాళీ బల్ల మీద అరచెయ్యి ఆనించి నావైపు తిరిగాడు.

"నాకు మతి పోయిందని అందరికీ చెప్పావు కదరా. తిరిగొచ్చిందని ఎంతమందికి చెప్పావు?"

ఒక్కరికీ చెప్పలేదు.

ఆ గుడ్డ ఆయన ముందు పరిచి, గుమస్తాగారు మలుపు తిరగకముందే అందుకోవాలని వీధిలోకి పరిగెత్తాను.